వంకకు అవతల నలభై మూడు ఇండ్లు

ఊరి చరిత్ర రాయమంటే గంగాధర్ కాదనలేదు. కాదనడం అతనికి చేతకాదు. నల్లగుట్టపేట హైస్కూల్లో సోషల్ మాస్టరు అతను. వచ్చిన రెండేళ్ళలో ఓటర్ల జాబితా రాశాడు, గొడ్ల లెక్క రాశాడు, పోలియో చుక్కల రోజున ఇంటింటికీ తిరిగి గోడల మీద సుద్దతో గీతలు గీశాడు. ఏ పని పుట్టినా పైవాళ్ళకు ముందు మాస్టరే గుర్తొస్తాడు. ఈసారి వాళ్ళకు చరిత్ర గుర్తొచ్చింది.

"నాలుగు పేజీలు సాలు సార్," అన్నాడు సర్పంచి దేవరాజులు, పాలకేంద్రం అరుగు మీద కూర్చుని కాళ్ళూపుతూ. "శుక్రవారం గ్రామసభ. మదనపల్లె నుంచి ఆఫీసరు వస్తాండాడు. మీరు లేసి చరిత్ర సదవాల. దాంతోపాటు ఇస్కూలు మైదానంలో ముగ్గుపిండితో ఊరి పటం ఎయ్యాల. ఏ వీధి యాడుండాది, యాడ ఎన్ని ఇండ్లుండాయి, అంతా నేల మీద కనపడాల."

"పటం దేనికి?"

"పన్నెండు కుళాయిలు శాంక్షనయినాయి సార్. పటంలో ఉండే వీధికి పైపొస్తాది, లేని వీధికి రాదు. ఆఫీసరు దాన్నే కాగితం మీదికి ఎత్తుకుని పోతాడు. అందుకే మీ మాదిరి సదువుకున్నోళ్ళ చేత ఏయిస్తాండా."

గంగాధర్ నోటుబుక్కు తెరిచాడు. దేవరాజులు చెప్పుకుపోయాడు. శనివారం సంత ఎప్పుడు మొదలైంది, పుంగనూరు పొట్టావుల్ని ఈ సంతకు ఎక్కడెక్కడి నుంచి తోలుకొచ్చేవారు, టమోటా వచ్చాక చెరుకు ఎట్లా పోయింది. చెప్పింది చాలదనిపించి కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"దొరల కాలంలో ఈడ నూరు గుర్రాలు కట్టేస్తాండ్రి అని రాయండి."

"నిజమేనా?"

"గుర్రాలొచ్చి కాదంటాయా సార్?"

అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. గంగాధర్ కూడా నవ్వి, రాసుకున్నాడు.

"చెరువు సంగతి, పొలాల సంగతి ఎవరు చెప్తారు?"

"నీరుగట్టి చెంగల్రాయుడు ఉండాడు కదా. తూము తెరిసేది, ఏ కయ్యికి ఎంత పారాలో అంత నీళ్ళిడిసేది వాడే. వానికి తెలీని గట్టు లేదు. వంకవాడోడు. పిలిపిస్తా, మీరు యాల ఆడికి పోయేది?"

"నేనే పోతాను లెండి."

ఆ సాయంత్రం తేరువీధిలోని ఇంటి ముందరి గదిలో పేజీలు సరిచేసుకుంటుంటే శారదమ్మ గడప దగ్గర గిన్నె పెట్టింది. ఇల్లుగలావిడ ఆమె. మజ్జిగపులుసు కాచిన రోజు అద్దెకున్న మాస్టరుకు ఒక గిన్నె పంపకుండా ఉండదు. భర్త సుబ్బయ్యకు ఐదెకరాల టమోటా ఉంది. ఇల్లు అడగడానికి వచ్చిన నాడు సుబ్బయ్య, "మీరూ మావోళ్ళే కదా సార్?" అన్నాడు. గంగాధర్ నవ్వాడు. ఆ నవ్వుకే రెండు గదులు, బావి నీళ్ళు, అప్పుడప్పుడూ ఒక గిన్నె పులుసు దొరికాయి. అబద్ధమాడలేదని తనకు తాను చెప్పుకుంటూ ఉంటాడు. నోరు తెరవలేదు, అంతే. నోరు తెరవకుండా ఆడే అబద్ధానికి నూరేళ్ళాయుష్షు.

చెంగల్రాయుడికి అరవై దాటాయి. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, భుజాన పార, తలకు గుడ్డ. తెల్లారి చెరువుకట్ట మీద గంగాధర్‌ను చూడగానే తలగుడ్డ తీసి భుజాన వేసుకుని పక్కకు ఒదిగాడు.

"మీరు ముందు నడవండి సార్."

"దారి నాకు తెలీదు కదా, నువ్వే నడువు పెద్దాయనా."

"ఎనకాల నుంచి చెప్తా లెండి."

అలాగే వెనక నుంచే చెప్పాడు. చెరువు ఆ ఏడు నిండింది. కట్ట కింద నాట్లకు దున్నిన కయ్యలు అద్దం ముక్కల్లా ఉన్నాయి. అది ఎర్రకయ్య, ఎంత పారినా తాగేస్తుంది. ఇది జవుకు కయ్య, ఒక జాము పారితే నాలుగు రోజులు పలకదు. ఈ రైతు కయ్యకు నీళ్ళు ఆ అన్నదమ్ముల గట్టు మీదుగా పోవాలి, వాళ్ళకు మాటల్లేవు, కాబట్టి అక్కడ మడవ తెరిచేటప్పుడు తనే నిలబడాలి. ఎవరి భూమి ఎంత వాలులో ఉందో, ఎవరి మనసు ఎంత వాలులో ఉందో అతనికి ఒకే లెక్క. ఆ నేలలో అతనికి ఒక్క సెంటు లేదు. ఆ సంగతి అతను చెప్పలేదు, గంగాధర్ అడగలేదు.

పిల్లకాలువ దగ్గర పార గట్టున ఆనించి, చెంగల్రాయుడు అవతలి మడవ సరిచేయడానికి కాలువ దాటాడు. ఇవతల గట్టు కారుతోంది. ఎండ్రకాయ తొలిచిన బొక్క. నీళ్ళు బొటనవేలంత ధారతో మొదలై, చూస్తుండగానే మట్టిని కోసుకుని పిడికిలంత అయింది. గంగాధర్ నోటుబుక్కు కింద పెట్టాడు. చెప్పులు విడిచాడు. పార తీసుకుని గట్టు వాలులో గరిక పెళ్ళ ఒకటి కోసి, దాన్ని బోర్లించి, వేళ్ళు నీళ్ళవైపు ఉండేట్టు బొక్కలో కూరి, మడమతో మూడుసార్లు తొక్కాడు. పైన రెండు పారల మట్టి వేసి పార వీపుతో అద్దాడు. ధార ఆగింది.

తల ఎత్తితే చెంగల్రాయుడు కాలువ అవతల నిలబడి చూస్తున్నాడు. గంగాధర్ చేతుల్ని చూస్తున్నాడు.

"చేతులు కడుక్కోండి సార్, పుస్తకం పాడైతాది," అన్నాడు చివరికి.

కట్ట చివర, చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే రాతి మరవ, దాని కింద వంక. మోకాటి లోతు నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. ఊరు ఇవతల, వంకవాడ అవతల.

"ఈ వంక రాసుకోండి సార్. మొదట్నుంచీ ఇది ఈడ పారేది కాదు."

"మరి?"

"మా ఇండ్లకు ఆ పక్క, ఆ కానగసెట్లు ఉండాయే, ఆడ పారేది. మా నాయన వయసులో ఉండంగా ఒక ఏడు చెరువు తెగబారి పెద్దోళ్ళ కయ్యలు కోసుకుని పోయినాయంట. వంకను తిప్పాలని పెద్దోళ్ళు కూసుని మాట్లాడుకున్న్యారు. మా ఇండ్లకీ ఊరికీ నడమ తవ్వినారు. తవ్విందీ మావోళ్ళే సార్. దినానికి రెండు సేర్ల రాగులకి. అంతవరకూ మేమూ ఊర్లోనే ఉంటిమి, ఊరి కొసన. వంక పారినాక అవతలోళ్ళమైపోతిమి."

గంగాధర్ పెన్ను ఆగింది. పాఠం చెప్పేటప్పుడు నదులు, కొండలు ప్రకృతి ఇచ్చిన సరిహద్దులు అని పిల్లల చేత రాయిస్తాడు. ఈ సరిహద్దును పారతో తవ్వారు. తేదీ లేదు, కూలి మాత్రం ఉంది. పూర్తిగా ఒక పేజీ రాసుకున్నాడు.

వంక దాటి వాడలోకి పోయేసరికి ఎండెక్కింది. చెంగల్రాయుడి ఇంటి ముందర నులకమంచం వాల్చారు. గంగాధర్ గొంతు ఎండిపోయింది. గోడవారగా మూడు రాళ్ళ మీద కడవ ఉంది, దాని మూతి మీద బోర్లించిన చెంబు. చెంగల్రాయుడి భార్య బయ్యమ్మ ఆ కడవను చూసి, మొగుడిని చూసింది. మొగుడు తల అడ్డంగా ఊపాడు.

"సార్‌కు సోడా తెప్పియ్యి."

"వద్దు, వద్దు," అన్నాడు గంగాధర్.

"వద్దంటే ఎట్ల సార్, ఎండనబడి వచ్చినారు." బయ్యమ్మ ఎవరినో కేకేసింది. పక్కింటతను సైకిలెక్కి ఊర్లోకి పోయాడు.

అతను తిరిగొచ్చే ఇరవై నిమిషాలూ గంగాధర్ ఆ కడవకు ఎదురుగా కూర్చున్నాడు. ఒక్క మాట అంటే చాలు. కడవలో నీళ్ళియ్యమ్మా, నేనూ మీ ఇంటివాడినే. పదం పదం నాలుక మీదికి వచ్చింది, వెనక్కు పోయింది. వీళ్ళకు చెప్తే తేరువీధికి తెలుస్తుంది. తేరువీధికి తెలిస్తే రెండు గదులు పోతాయి. గదులు పోతే బడిలో పిల్లలు కూడా వేరేగా చూస్తారు. ఇన్ని లెక్కలు వేసిన మనిషికి దాహం ఎక్కడ తీరుతుంది!

బయ్యమ్మ నీళ్ళ సంగతి చెబుతోంది. "వంక పారితే బురదనీళ్ళు వడగట్టుకుంటాము సార్. ఎండితే ఇసకలో చెలమ తవ్వుకుంటాము. ఊర్లో బోరింగు ఉండాది కానీ, ఆయమ్మలందరూ పట్టుకున్యాక మేము పట్టుకోవాల. పొద్దున ఆరుకు పోతే తొమ్మిదికి వస్తాము. ఒక్క కుళాయి, ఒకటంటే ఒకటి, ఈ పక్కకు పడిందంటే సాలు. పటంలో మా వాడ ఎయ్యి సార్."

"వేస్తానమ్మా."

"మాటేనా?"

"మాటే."

సోడా వచ్చింది. సైకిలతను నేరుగా మంచం దగ్గరికి తెచ్చాడు. "ఎవురూ ముట్టుకోలేదు సార్, అంగట్నుంచి నేరుగా తెచ్చినాడు," అంది బయ్యమ్మ. గోలీ లోపలికి నొక్కి గంగాధర్ గుక్క తిప్పుకోకుండా తాగాడు. గ్యాసు ముక్కుల్లోకి ఎక్కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండకు తిరిగాయని వాళ్ళనుకున్నారో ఏమో. తర్వాత లేచి ఇళ్ళు లెక్కపెట్టుకున్నాడు. నలభై మూడు.

గురువారం పొద్దుగూకే వేళ సుబ్బయ్య మదనపల్లె మార్కెట్టు నుంచి ఖాళీ టమోటా బాక్సులతో తిరిగొచ్చాడు. బాక్సులు వసారాలో ఒకదాని మీద ఒకటి పేరుస్తూ అన్నాడు:

"ఏమి సార్, వారమంతా వంకవాడలోనే తిరగతాండారంట? సుట్టాలు గానీ ఉండారా ఆడ?"

నవ్వుతూనే అన్నాడు. అలాంటి హాస్యం అతనికి అలవాటే. కానీ తలుపు దగ్గర నిలబడ్డ శారదమ్మ నవ్వలేదు. జవాబు కోసం చూస్తోంది.

"చరిత్ర కోసం సుబ్బయ్యన్నా," అన్నాడు గంగాధర్.

"అదే లెండి. వాళ్ళింట్లో సోడా తెప్పించుకుని తాగినారంట కదా? అంగటోడు చెప్పినాడు. అట్లుండాల మనిషి. పోవాల్సిన సోటుకు పోవాల, మన పద్ధతి మనం ఇడవకూడదు."

శారదమ్మ లోపలికి పోయింది. కాసేపటికి గిన్నెలో పులుసు వచ్చింది.

గంగాధర్ అన్నం కలుపుకున్నాడు. వాళ్ళు అతన్ని మెచ్చుకున్నారు. ఎప్పుడు ఎవరు తిట్టింది కూడా అతనికి అంత గట్టిగా తగల్లేదు.

శుక్రవారం ఎనిమిదికే పటం మొదలుపెట్టాడు. మైదానం ఊడ్చి, నీళ్ళు చల్లి, మేకులు కొట్టి తాడు లాగాడు. వీధులు ముగ్గుపిండితో, తారురోడ్డు బొగ్గుపొడితో, చెరువు నీలిమందు కలిపిన ఇసకతో, గుట్టలు ఇటుకపొడితో. పొలాలకు కానగాకులు పరిచాడు. ఇంటికొక చింతగింజ. తేరువీధికి అరవై రెండు, సంతవీధికి నలభై. వంకవాడ గింజలు ముందే లెక్కపెట్టి చొక్కా జేబులో వేరేగా వేసుకున్నాడు. నలభై మూడు.

పది గంటలకు జనం మూగారు. "మా ఇల్లు ఇది!" "నీది కాదురా, అది మీ బావమరిదిది!" అంటూ గింజలు చూపించుకుంటున్నారు. వంక గీత గీసి, గంగాధర్ మోకాళ్ళ మీద అవతలికి జరిగాడు. జేబులో చెయ్యి పెట్టాడు.

దేవరాజులు పక్కన గొంతుక్కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "వంకతో ఆపేయండి సార్."

"అవతల నలభై మూడిండ్లు ఉన్నాయి కదా?"

"ఉంటాయి, యాడికి పోతాయి? ఉండేవి పన్నెండే కుళాయిలు. దాన్ని కూడా కలిపితే తేరువీధికి ఒకటి తగ్గతాది. సుబ్బయ్యోళ్ళు ఊరుకుంటారా? మీరుండేది ఆ వీధిలోనే కదా." దేవరాజులు బెదిరించలేదు. ఉన్న మాట చెప్పాడు. అతని వెనకాలే సుబ్బయ్య నిలబడి ఉన్నాడు, భుజాన ఉతికిన తువ్వాలుతో.

గంగాధర్ జేబులోంచి చెయ్యి తీశాడు. ఖాళీగా తీశాడు.

ఆఫీసరు జీపు దిగి, పటం చుట్టూ ఒకసారి తిరిగి మెచ్చుకున్నాడు. చేతిలోని బెత్తాన్ని వంక దగ్గర ఆపాడు.

"ఇటువైపు ఏముంది మాస్టారూ?"

వంకవాడవాళ్ళు మైదానం అంచున, గోడ పక్కన నిలబడ్డారు. చెంగల్రాయుడు ముందున్నాడు, పార భుజం మీద లేదు. పండక్కి వచ్చినట్టు తెల్లపంచె కట్టుకొచ్చాడు.

"పొలాలు సార్," అన్నాడు గంగాధర్.

అన్న మాట వెనక్కు రాదు. బెత్తం ముందుకు కదిలింది. అప్పుడు అంచు నుంచి బయ్యమ్మ గొంతు లేచింది.

"పొలాలే సామీ! ఈ ఏడు వానలు బాగా పడినాయి కదా, పొలాల్లో మనుషులు మొలిసినారు. ఇద్దో, ఈడ నిలబడుండాము, సూసుకోండి!"

జనం గొల్లుమన్నారు. ఆఫీసరు నవ్వకుండా తిరిగాడు. "ఇళ్ళున్నాయా అక్కడ?"

"అది ఊరి కిందికి రాదు సార్," దేవరాజులు అందుకున్నాడు. "తాతల కాలం నుంచీ వంకే ఊరికి పొలిమేర. చరిత్ర రాసింది మాస్టరే, కావాలంటే ఆయన్నే అడగండి."

"అంతేనా మాస్టారూ?"

నోటుబుక్కు గంగాధర్ చంకలోనే ఉంది. రెండు సేర్ల రాగులు, కానగచెట్లు, తవ్వినవాళ్ళు, అంతా అతని చేతిరాతలోనే ఉంది. సుబ్బయ్య చూస్తున్నాడు. చెంగల్రాయుడు చూస్తున్నాడు.

"అంతే సార్."

చెంగల్రాయుడు తల దించుకున్నాడు. అబద్ధమాడింది తానే అయినట్టు దించుకున్నాడు. బయ్యమ్మ ఇంకేదో అరవబోయింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా ఆపడం గంగాధర్‌కు కనిపించింది. తర్వాత గంగాధర్ మైకు ముందు నిలబడి నాలుగు పేజీల చరిత్ర చదివాడు. నూరు గుర్రాల దగ్గర చప్పట్లు కొట్టారు.

సాయంత్రం తూము మూసే వేళకు గంగాధర్ కట్ట మీదికి పోయాడు. తిడతారని పోయాడు. తిట్టించుకుంటే కొంతన్నా తేలికపడొచ్చని ఆశ. చెంగల్రాయుడు నడుముల్లోతు నీళ్ళలో దిగి బిరడా బిగిస్తున్నాడు. బయ్యమ్మ గట్టున కూర్చుని ఉంది.

"రా నాయనా," అన్నాడు చెంగల్రాయుడు. సార్ అనలేదు. "మీ నాయన యాడ నీరుగట్టి?"

గంగాధర్ కాళ్ళు ఆగిపోయాయి.

"కుప్పం తట్టు," అన్నాడు.

"అదీ సంగతి. గరిక పెళ్ళను బోర్లించి మడమతో తొక్కేది బళ్ళో నేర్పరు. మా నాయన నా వీపు మీద రెండు పెరికి నేర్పినాడు."

"అంటే ఆ రోజే..."

"ఆ దినమే తెలుసు."

"తెలిసీ నాకు సోడా తెప్పించినారా?"

చెంగల్రాయుడు నీళ్ళలోంచి పైకొచ్చి పంచె పిండుకున్నాడు. "నువ్వు ఊర్లో ఉండాలనుకున్న్యావు. మా ఇంట్లో నీళ్ళు తాగితే రేపటికి ఊరంతా పాకుతాది. మన బిడ్డ ఒకడు తేరువీధిలో ఇల్లు తీసుకోనుండాడు, ఉండనీ, మనమెందుకు సెడగొట్టేది అనుకుంటిమి."

"నేను అనుకోలా," అంది బయ్యమ్మ. "ఈయప్ప అనుకున్న్యాడు. పొద్దున వాడూ మనోడే సామీ అని అరుద్దామని నోటిదాకా వచ్చె నాకు. చెయ్యి పిసికి సంపేసినాడు."

గంగాధర్ గట్టు మీద కూలబడ్డాడు. అతను దాచుకున్నాననుకున్నాడు. దాచింది వీళ్ళు. తాను వాళ్ళ వాడను పటంలోంచి తుడిచేస్తుంటే, వాళ్ళు తన గుట్టు కాపాడుతూ నిలబడ్డారు.

"నన్ను కొట్టు పెద్దాయనా."

"కొడితే కుళాయి వస్తాదా?" బయ్యమ్మ అంది. "ఏడవాకు. రేపు మదనపల్లెకు పోతాండాము, ఆరు మందిమి. అర్జీ రాసియ్యి. వంక తిప్పిన సంగతి కూడా రాయి."

"రాసినాక ఎవురి చేతనన్నా ఎత్తి రాయిస్తాము లే," అన్నాడు చెంగల్రాయుడు. "నీ చేతిరాత ఆఫీసులో కనపడకూడదు కదా."

గంగాధర్ కట్ట మీదే కూర్చుని, వెలుతురు ఉండగానే అర్జీ రాశాడు. నలభై మూడు ఇళ్ళూ, ఇంటి పెద్దల పేర్లతో. కింద సంతకం పెట్టాడు. వద్దన్నా పెట్టాడు. పేరు పక్కన 'సోషల్ మాస్టరు' అని రాసి ఆగాడు. తాను ఏ వాడవాడో రాయలేదు. అక్కడికి కూడా భయం వదల్లేదు.

శనివారం ఏడింటి బస్సు. పుంగనూరు మీదుగా మదనపల్లె. సంతకొచ్చేవాళ్ళు దిగుతుంటే ఎక్కేవాళ్ళు తోసుకుంటున్నారు. వంకవాడ ఆరుగురూ వెనక తలుపు నుంచి ఎక్కి కడ్డీలు పట్టుకున్నారు. గంగాధర్ వాళ్ళ వెనకాలే ఎక్కాడు. చెంగల్రాయుడు చూసి కళ్ళతోనే వద్దన్నాడు.

"సార్! ఈడ ఈడ!" నడిమి వరసలోంచి సుబ్బయ్య. పక్క సీటు మీద చెయ్యి పెట్టి కాపాడుతున్నాడు. "రాండి, మీకోసమే పెట్టినా."

"నేను వీళ్ళతో వచ్చినా సుబ్బయ్యన్నా."

"సరే లెండి, ఆఫీసు పని ఆడికి పోయినాక సూసుకుందురు. అందాకా కూసోండి."

బస్సు కదిలింది. గంగాధర్ ఒక అడుగు ముందుకు వేశాడు. కాళ్ళు అతన్ని అడక్కుండానే వేశాయి. సీటు మూరెడు దూరంలో ఉంది. కండక్టరు వెనక నుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడు.

"మదనపల్లెకు ఎంతమంది?"

"ఆరు," అన్నాడు చెంగల్రాయుడు.

"ఈ సారు?"

"సార్ వేరే."

సార్ వేరే. ఆ మాట విన్నాక గంగాధర్ ముందుకు పోలేకపోయాడు.

"సుబ్బయ్యన్నా, ఇల్లు అడగడానికి వచ్చిన రోజు మీరు అడిగినారు. నేను నవ్వినాను." గొంతు పీలగా వచ్చింది. ఇంజన్ మోత మీదుగా మళ్ళీ, ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "మేము మాలోళ్ళం. మా నాయన కుప్పం తట్టు నీరుగట్టోడు."

ముందు సీట్ల వాళ్ళు వెనక్కు తిరిగారు. సుబ్బయ్య కోపపడలేదు. మొహంలో ఏమీ మారలేదు. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మడత విప్పి, ఖాళీ సీటు మీద నాలుగు మూలలూ సర్ది పరిచాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆరా, ఏడా? తొందరగా చెప్పప్పా," అన్నాడు కండక్టరు.

చెంగల్రాయుడు గంగాధర్‌ను ఒకసారి చూశాడు.

"ఏడు," అన్నాడు.

గంగాధర్ కడ్డీ పట్టుకున్నాడు. ఏదో మెచ్చుకోలు వస్తుందని, కనీసం ఒక చూపు వస్తుందని లోపల ఎక్కడో ఎదురుచూశాడు. ఎదురుచూసినందుకు మళ్ళీ సిగ్గేసింది. పక్కనే నిలబడ్డ బయ్యమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ, అతనికేసి చూడకుండా అంది:

"ఈ మాట నిన్న అనింటే ఈ బస్సెక్కే పని లేదు కదప్పా."